పేర్ల బాట మీదుగా చెక్క కోటకి

అమెరికా నుంచి తిరిగొచ్చాక మా స్టాఫ్‌రూంలో అందరూ అడిగిన మొదటి మాట, "నయాగరా చూశారా మేడం?" అని. చూడలేదు. న్యూయార్క్ కూడా చూడలేదు. వేసవి సెలవులన్నీ మిషిగన్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్ళో, మా చెల్లెలి ఇంట్లో గడిపాను. నేను చూసిన వింత ఏదైనా ఉందంటే ఆ ఇంటికి దగ్గర్లో ఉన్న పిల్లల ఆటస్థలం. "అంత చార్జీ పెట్టుకుని వెళ్ళి పార్కు చూసొచ్చారా?" అని లెక్కల మేడం నవ్వింది. నవ్వితే నవ్వనీ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్ టీచర్ని. ఇన్నేళ్ళుగా నాకు తెలిసినవల్లా పిల్లలు, ఈల, గ్రౌండులో సున్నం గీతలు. ఆ కళ్ళతో చూసిందే రాస్తున్నాను.

వెళ్ళింది సరదాకి కాదు. మా మరిది రవి, చెల్లెలి భర్త, కిందటి చలికాలంలో గుండెపోటుతో పోయాడు. అక్కడ కార్ల కంపెనీలో ఇంజనీరు. రోజూ వ్యాయామం చేసేవాడు, సిగరెట్ ముట్టినవాడు కాదు. అప్పుడు నా చేతికి వీసా రాలేదు. చెల్లెలు సునీతా నేనూ ఫోన్లో ఏడ్చుకున్నాం, అంతే. వీసా వచ్చి, బడికి సెలవులిచ్చి, నేను అక్కడ అడుగుపెట్టేసరికి మంచు కరిగి చెట్లు చిగురేశాయి.

దిగిన రోజు

ట్రాయ్‌లో ఇళ్ళకి ప్రహరీగోడలుండవు. ఒకరి గడ్డి ఎక్కడ అయిపోయిందో, పక్కింటివాళ్ళ గడ్డి ఎక్కడ మొదలైందో నాకు చివరిదాకా తెలియలేదు. వీధిలో మనిషి కనపడడు. రాత్రి ఎనిమిది దాటినా ఎండ కొడుతూనే ఉంటుంది. ఆ ఎండలో కూడా సునీత పిల్లలిద్దరూ కిటికీ తెరలు వేసుకుని ట్యాబులు పట్టుకుని కూర్చున్నారు. పెద్దది ఆద్యకి పదేళ్ళు. చిన్నవాడు నిహాల్‌కి ఆరు. నన్ను చూసి "హాయ్ పెద్దమ్మా" అని ఇద్దరూ వచ్చి కావిలించుకున్నారు, మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చున్నారు.

సునీత చిక్కి సగమైంది. బీరకాయ పప్పు చేసి పెట్టింది, తను మాత్రం రెండు ముద్దలు తిని లేచిపోయింది. నా నోరు ఊరుకుంటుందా, పిల్లల మీద పడ్డాను.

"దగ్గర్లో పెద్ద పార్కుందని మీ నాన్న ఎప్పుడూ చెప్పేవాడుగా! లేవండి, పోయి ఆడుకోండి."

ఇద్దరూ వాళ్ళమ్మ వైపు చూశారు. సునీత గిన్నెలు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను.

"పార్కుకి వద్దక్కా," అంది, నా వైపు తిరక్కుండానే.

"ఏమొచ్చిందే? ఇంత వెలుగు పెట్టుకుని పిల్లలు ఇంట్లో మగ్గిపోవాలా?"

"అక్కడికెళ్ళే బాటలో ఆయన పేరున్న ఇటుక ఉంది. నేల మీద. మంచు కరిగాక వీళ్ళని తీసుకెళ్ళాను. ఎవరో పిల్లాడు బురద బూట్లేసుకుని దాని మీద గెంతుతున్నాడు. వెనకాలే ఒక కుక్క కూడా నడిచిపోయింది. బూట్లతో తొక్కుతున్నారక్కా ఆయన్ని! ఇక నా వల్ల కాలేదు."

కాగితానికి కాలు తగిలితే వంగి కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినవాళ్ళం మేమిద్దరం. దానికి ఎలా ఉండి ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా?

"ఆ ఇటుక తీయించి ఇంటికి తెచ్చిపెట్టక్కా," అంది సునీత. "హాల్లో ఆయన ఫోటో కింద పెట్టుకుంటాను. నేను వెళ్ళి అడగబోతే ఏడుపొచ్చేస్తుంది. అదొక్కటీ చేసిపెట్టు. తర్వాత పిల్లల్ని రోజూ తీసుకెళ్ళు, నేను కాదనను."

తెస్తానని మాటిచ్చాను.

పేర్ల బాట

మర్నాడు శనివారం. ఇటుక ఎక్కడుందో చూపించడానికి పిల్లలు నాతో వచ్చారు. రోడ్డు దాటబోతుంటే అంత దూరాన వస్తున్న కారు కూడా ఆగిపోయింది. మా ఊళ్ళో బడి ముందు నేను అడ్డంగా నిలబడి ఈల ఊదినా ఆటో ఆగదు. నేను ఆ డ్రైవరుకి నమస్కారం పెట్టాను. ఆద్య సిగ్గుపడిపోయింది.

పార్కు గేటు దగ్గర నుంచి ఎర్ర ఇటుకల బాట. ప్రతి ఇటుక మీదా ఇంగ్లీషులో పేర్లు చెక్కి ఉన్నాయి. ఎంత దూరం చూసినా పేర్లే. ఇంత చిన్న ఊళ్ళో ఇంతమంది పోయారా? పోయినవాళ్ళ పేర్లన్నీ పిల్లల ఆటస్థలంలో పరుస్తారా? పిల్లలిద్దరి రెక్కలూ పట్టుకుని పక్కనున్న గడ్డి మీదకి లాగాను. అప్పుడే గడ్డమున్న భారీ మనిషొకాయన పసిబిడ్డని బండిలో కూర్చోబెట్టుకుని ఆ పేర్ల మీదుగా దర్జాగా తోసుకొస్తున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"హలో! డెడ్ పీపుల్! నో వాకింగ్!" అన్నాను.

"పెద్దమ్మా! ఓ మై గాడ్!" ఆద్య నా చెయ్యి గుంజింది. "వాళ్ళెవరూ డెడ్ కాదు! పార్క్ బిల్డ్ చేసేటప్పుడు హెల్ప్ చేశారు కదా, వాళ్ళ నేమ్స్ అవి."

ఆయన నవ్వుతూ తన బూటు పక్కనున్న ఇటుక చూపించి, "దట్స్ మీ," అన్నాడు. పేరు డేవ్. బండిలోని ఏడాదిన్నర పసివాడు ఆయన చిన్నకొడుకు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం పిల్లల్ని గుర్తుపట్టగానే నవ్వు ఆపేశాడు. కిందికి వంగి, చాలా రోజులైంది మిమ్మల్ని చూసి, అందరం మీ కోసం చూశాం అని ఆద్యతో మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

డేవ్ ఇటుకకి పక్కదే మాది. కాస్త వంకరగా ఉంది. దాని మీద రవి, సునీత, ఆద్య, బేబీ అని ఉంది.

"బేబీ అంటే నేనే," అన్నాడు నిహాల్. "అప్పుడు నేను అమ్మ టమ్మీలో ఉన్నా. అందుకే నా నేమ్ లేదు."

దగ్గరికి వెళ్ళబోయాడు. "ఆగు, కాలు తగుల్తుంది," అని చెయ్యి పట్టుకుని గడ్డి మీద నుంచే నడిపించాను. ఆద్య వెనక్కి తిరిగి ఇటుకనే చూసుకుంటూ నడిచింది.

చెక్క కోట

బాట చివర పెద్ద చెక్క కోట. బురుజులు, తాళ్ళ వంతెనలు, సొరంగాలు, మలుపులు తిరిగే జారుడుబల్లలు. కింద మెత్తగా చెక్కపేళ్ళు పరిచారు. చక్రాల కుర్చీతో సహా ఎక్కే ఉయ్యాల కూడా ఉంది. టిక్కెట్టు లేదు, కాపలావాడు లేడు. మా బడి గ్రౌండు గుర్తొచ్చింది. అక్కడ పొద్దున గేదెలు, మధ్యాహ్నం పిల్లలు, సాయంత్రం ఎవరిదో పెళ్ళి షామియానా. నాకు అసూయ కలిగింది, దాచుకోవడమెందుకు?

ఒక పాప పరిగెత్తుతూ బోర్లా పడింది. వాళ్ళమ్మ బల్ల మీద నుంచి లేవకుండా "యూ ఆర్ ఓకే!" అని కేకేసింది. పాప రెండు క్షణాలు ఆలోచించి, ఓకేనే అనుకున్నట్టుంది, లేచి వెళ్ళిపోయింది. మనమైతే పరిగెత్తుకెళ్ళి, "ఈ నేలే కదమ్మా కొట్టింది" అని నేలకి నాలుగు దెబ్బలేసి, బిడ్డని చంకనేసుకుంటాం. ఏది మంచిదో నేను తేల్చలేకపోయాను. ఇంకో చోట పిల్లాడు జారుడుబల్లని కిందనుంచి పైకి ఎక్కుతుంటే అలవాటుకొద్దీ "ఏయ్!" అని అరిచాను. కోట మొత్తం నిశ్శబ్దమైపోయింది. పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగి నన్నే చూశారు. తెలుగు రాకపోయినా డ్రిల్ టీచరు గొంతు ఎవరికైనా అర్థమవుతుంది కాబోలు.

నిహాల్ ఉయ్యాల ఎక్కాడు, కాసేపటికే దిగిపోయాడు. ఆద్య అసలు కోట ఎక్కనే లేదు. అంచున నిలబడి బాట వైపే చూస్తోంది. పెద్దదవుతోంది కదా, సిగ్గేమో అనుకున్నాను. ఇన్నేళ్ళు పిల్లలతో పనిచేసిన నాకు ఆ నిలబడ్డ తీరు చూసి ఏదో అనుమానం రావలసింది. రాలేదు.

ఇండియన్ షాపులో కొబ్బరికాయ

సోమవారం సునీత ఆఫీసు నుంచి వస్తూ నన్ను ఇండియన్ షాపుకి తీసుకెళ్ళింది. చేతిలో ఇమిడే గోంగూర కట్ట ఖరీదు రూపాయల్లో మనసులో లెక్కేసుకుని వెనక్కి పెట్టేశాను. సునీత మళ్ళీ తీసి బండిలో వేసింది. కొబ్బరికాయ ఒకటి నేనే ఏరి తీసుకున్నాను, ఇటుక ఇంటికొచ్చిన రోజు కొడదామని. షాపులో పనిచేసే కుర్రాడిది ఖమ్మం, ఇక్కడ చదువుకుంటున్నాడట. "కాయ ఊపి చూసి తీస్కో ఆంటీ, కొన్ని ఎండిపోయి వస్తయ్," అని రహస్యంగా చెప్పాడు. నేను ఎలాగూ ఊపే తీసుకున్నాను.

పార్కు ఆఫీసుతో ఫోన్లో మాట్లాడేంత ఇంగ్లీషు నాకు లేక, ఏడుపు ఆపుకుని సునీతే చేసింది. అడిగి చెబుతామన్నారు. మంగళవారం కూడా కబురు లేదు. నాకు ఓపిక నశించింది. ఇటుక మనది, పేరు మనది, ఇంకొకరిని అడిగేదేమిటి? ఊడబెరికి తెచ్చేస్తే పోలా?

స్క్రూడ్రైవరు

బుధవారం పిల్లలు బడి నుంచి రాగానే, రవి పనిముట్ల పెట్టెలోంచి పెద్ద స్క్రూడ్రైవరొకటి తీసి తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఎక్కడికని పిల్లలకి చెప్పలేదు. పార్కుకి అన్నాను, అంతే.

ఇటుక దగ్గర చెప్పులు విప్పి గొంతుక్కూర్చున్నాను. ముందు చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాను. తర్వాత చుట్టూ ఉన్న ఇసక గోకడం మొదలుపెట్టాను.

"పెద్దమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్?" ఆద్య నా భుజం పట్టుకుంది. "డోంట్! ప్లీజ్!"

"అమ్మ తెమ్మందమ్మా. ఇంట్లో పెట్టుకుందాం. ఎవరూ తొక్కకుండా."

తలమీద నీడ పడింది. డేవ్. చంకలో పసిబిడ్డ. దొంగతనం చేస్తూ దొరికినట్టు బిక్కచచ్చిపోయాను. మా దగ్గరైతే ఈపాటికి పదిమంది మూగి "ఏంటి తవ్వుతున్నావ్, ఎవరు తవ్వమన్నారు" అనేవాళ్ళు. ఆయన మాత్రం "డూ యూ నీడ్ హెల్ప్?" అన్నాడు. అక్కడ ఎవర్ని చూసినా అదే మాట. ఏం చేస్తున్నావని అడగరు, సాయం కావాలా అంటారు.

నా ఇంగ్లీషు చాలక ఆద్యని చెప్పమన్నాను. అది నేల చూస్తూ చెప్పింది. ఆయన బిడ్డని గడ్డిలో దింపి నా పక్కన కూర్చున్నాడు. ఆయన చెప్పింది కూడా ఆద్యే నాకు తెలుగులో చెప్పింది. ఈ బాట వేసిన రోజు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళందరూ మోకాళ్ళ మీద కూర్చుని ఎవరి ఇటుక వాళ్ళే పెట్టుకున్నారట. రవి తనది వంకరగా పెట్టాడట. సరిచేస్తామంటే వద్దన్నాడట, ఇలా ఉంటే మా పిల్లలు తేలిగ్గా గుర్తుపడతారని.

తీయాలంటే సరైన పనిముట్టు ఇంట్లో ఉంది, తెస్తానన్నాడు డేవ్. లేచి నిలబడ్డవాడు ఆగి, ఆద్య వైపు తిరిగి అడిగాడు. "ఆర్ యూ ఓకే విత్ దిస్?"

ఎంత మామూలుగా అడిగాడో! నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ ఇటుక మీద ఆద్య పేరుంది. దాన్ని వాళ్ళమ్మ అడగలేదు, నేను అడగలేదు. పదేళ్ళ పిల్లని అడగాలన్న ఊహే మాకు రాలేదు.

ఆద్య రెండు బూట్లతోనూ ఎక్కి ఇటుక మీద నిలబడింది.

"దిగు! నాన్న పేరు మీద నిలబడతావా? కళ్ళు పోతాయ్, దిగు!" అని అరిచాను.

"నో! దిగను!" అది ఏడుస్తూ అరిచింది. "నాన్నే ఇక్కడ నించోమనేవాడు! ఒన్ ఫుట్ నాది, ఒన్ ఫుట్ నిహాల్‌ది, నాన్నది జస్ట్ బిగ్ టో. ఎవ్రీ టైమ్. దెన్ నాన్న ఒకటి, రెండు, మూడు అంటాడు. దెన్ కాజిల్ దాకా రన్. ఇక్కడ నించోకుండా ఎలా స్టార్ట్ చేయాలి? నువ్వు ఇది తీసేస్తే మేము ఎక్కడ నించోవాలి?"

నిహాల్ కూడా వచ్చి అక్క కాలి పక్కన కాలు ఇరికించాడు. నా వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఎంతమంది పిల్లల్ని గీత దగ్గర నిలబెట్టి ఈల ఊదానో లెక్కే లేదు. పరుగు మొదలయ్యే చోటు చెరిపేస్తే పిల్లలు ఏమైపోతారో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? శనివారం ఆద్య కోట అంచున ఎందుకు నిలబడిపోయిందో అప్పుడు అర్థమైంది. గోకిన ఇసకంతా చేత్తో మళ్ళీ సందుల్లోకి తోసి, అదిమి, లేచాను. డేవ్ నా చెప్పులు తెచ్చి అందించబోయాడు. వద్దు వద్దని నేనే తీసుకున్నాను.

సునీతతో

"తెచ్చావా?" అంది సునీత, గుమ్మంలోనే.

పిల్లల్ని లోపలికి పంపి జరిగిందంతా చెప్పాను. దానికి మొహం ఎర్రబడింది.

"పిల్లలు వాళ్ళు, వాళ్ళకేం తెలుస్తుంది? నువ్వైనా చెప్పొద్దూ?"

"మన ఊళ్ళో కొండ మెట్ల మీద తాతయ్య పేరు లేదుటే? చిన్నప్పుడు నువ్వు ఆ మెట్టు మీద కూర్చునే కదా పులిహోర తినేదానివి."

"అవి గుడి మెట్లక్కా. భక్తుల పాదధూళి పడాలని తాతయ్యే చెక్కించుకున్నాడు. ఇదేమన్నా గుడా?"

"రవి కూడా తనే పెట్టుకున్నాడు, తన చేత్తో. తొక్కకూడదనుకుంటే గోడకి పెట్టించుకునేవాడు కదే. అక్కడ భక్తుల పాదాలు పడాలని తాతయ్య. ఇక్కడ పిల్లల పాదాలు పడాలని రవి. నాకైతే పెద్ద తేడా కనపడటంలేదు."

సునీత నా కళ్ళలోకి చూసింది. "నీకేమక్కా. బావ ఇంట్లో కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. చెప్పడానికి బానే ఉంటుంది."

కోపమన్నా వచ్చి ఉంటే బాగుండేది. అది నిజమే కదా. సోఫా వెనక నుంచి నిహాల్ తల బయటపెట్టి, "అమ్మా, నువ్వు నా బేబీ బ్రిక్ తీసేస్తున్నావా?" అన్నాడు. సునీత గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులు మేమిద్దరం అన్నం, ఉప్పు, కూర గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. నా దారిన నేను గోంగూర పచ్చడి చేసి సీసాకెత్తాను.

ఆదివారం

శనివారమంతా వాన. ఆదివారం మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. నేను హాల్లో బట్టలు మడతపెడుతుంటే సునీత వచ్చి కారు తాళాలు తీసుకుంది. తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి తాళాలు అక్కడే పెట్టేసింది.

"నడిచే వెళ్దాం," అంది. "రండి."

పిల్లలు బూట్ల తాళ్ళు కూడా కట్టుకోకుండా బయటపడ్డారు. దారంతా సునీత నా చెయ్యి పట్టుకునే నడిచింది. పార్కు గేటు దగ్గర బాట వదిలి గడ్డి మీదకి దిగింది. నేనూ దానితోపాటే దిగాను. పిల్లలిద్దరూ అప్పటికే ఇటుక దగ్గర నిలబడి ఉన్నారు, ఎక్కకుండా.

సునీత వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. తడిసిన ఇటుక మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. వచ్చేపోయేవాళ్ళు చూసి, చూడనట్టు పక్కకి తప్పుకుని వెళ్ళారు. తర్వాత సునీత లేచి చెప్పులు విప్పింది. ఆ చలిలో, ఆ తడిలో ఉత్త పాదాలు.

"ఎక్కడ నించోవాలి?" అని ఆద్యని అడిగింది.

"నాన్న ప్లేస్‌లో," అంది ఆద్య. "బిగ్ టో, అంతే. ఇంకేం పట్టదు."

ఆద్యది ఒక కాలు, నిహాల్‌ది ఒక కాలు. ఆ మిగిలిన కాస్త చోట సునీత కాలి బొటనవేలు. ముగ్గురూ పడిపోకుండా ఒకరి భుజాలొకరు పట్టుకున్నారు. పిల్లలు కోట వైపు చూస్తున్నారు. ఇప్పుడు ఎవరో లెక్కపెట్టాలి. సునీత నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. లెక్కపెట్టడం నా వృత్తి. నా పెదాల దాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకున్నాను.

"ఒకటి," అంది సునీత చివరికి. "రెండు..."

మూడు అనకముందే నిహాల్ దూకేశాడు. "చీటింగ్!" అని అరుస్తూ ఆద్య వాడి వెనక పడింది. ఇద్దరూ కోట మెట్లెక్కి మాయమయ్యారు. సునీత "మూడు" అని నెమ్మదిగా, తనలో తను అనుకున్నట్టు అంది. దిగి, పైట చెంగుతో ఇటుక మీది తడి తుడిచింది.

అప్పుడే డేవ్ చిన్నకొడుకు గేటులోంచి తప్పటడుగులు వేసుకుంటూ వచ్చాడు. కాళ్ళకి రబ్బరు బూట్లు, వాటి నిండా బురద. తిన్నగా మా ఇటుక మీదకే వచ్చాడు. వెనక నుంచి డేవ్ కంగారుగా "నో, నో, బడ్డీ!" అని పరిగెత్తుకొస్తున్నాడు. వాణ్ణి ఎత్తి పక్కన పెడదామని నేనూ వంగాను.

సునీత నన్ను ఆపి, రెండడుగులు వెనక్కి వేసి వాడికి దారిచ్చింది. వాడు రవి పేరు మీద ఓ కాలు వేసి, దాన్ని చూసి ముచ్చటపడి, ఇంకో కాలు కూడా వేసి, గెంతాడు. తర్వాత కోట వైపు పరిగెత్తాడు.

ఇటుక మీద చిన్న బురద అడుగు మిగిలింది. పైట చెంగు ఇంకా సునీత చేతిలోనే ఉంది. తుడుస్తుందేమోనని చూశాను. తుడవలేదు.